ఆరో తరగతి గేటు దగ్గర వడపోత

సంక్రాంతి సెలవులు అయిపోగానే విజయవాడలో అడ్మిషన్ల సీజన్ మొదలవుతుంది. బెంజ్ సర్కిల్ దగ్గర హోర్డింగుల మీద ఫొటోలు మారతాయి. గుంటూరు బ్రాడీపేటలో, అరండల్‌పేటలో నవోదయ, సైనిక్ స్కూల్ కోచింగ్ బోర్డులు కనిపిస్తాయి. ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లకు ఫోన్లు వస్తాయి. "సార్, ఈ ఆదివారం మా క్యాంపస్‌లో స్కాలర్‌షిప్ టెస్ట్ ఉందండీ. ఫ్రీ. ఒక్క గంటే. బాబుని తీసుకురండి." మా నంబరు మీకెవరిచ్చారని అడిగితే అటువైపు నవ్వు వినిపిస్తుంది. ఫోన్ చేసేది చాలాసార్లు ఆ స్కూల్లో సోషల్ చెప్పే మాస్టారే. పాఠాలతో పాటు ఆయనకు అడ్మిషన్ల టార్గెట్ కూడా ఉంటుంది మరి.

స్కూళ్లే పిల్లల వెంట పడుతున్న ఊళ్లో సీటు విషయంలో అన్యాయం ఏముంటుంది అనిపిస్తుంది. ఫీజు కట్టగలిగితే ఏదో ఒక స్కూల్లో సీటు దొరకని పిల్లాడు విజయవాడలో లేడు, ఆ మాట నిజమే. మరి ఆ గంటసేపు పరీక్ష దేనికి?

చట్టం ప్రకారం అయితే ఆ పరీక్ష ఉండకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్, పిల్లల్ని చేర్చుకునేటప్పుడు స్క్రీనింగ్ పెట్టకూడదని స్పష్టంగా చెబుతోంది. స్క్రీనింగ్ అంటే ఏమిటో కూడా అదే చట్టం చెప్పింది. లాటరీ లాంటి పద్ధతిలో తప్ప ఇంకే రకంగా ఒకరిని కాదని మరొకరిని తీసుకున్నా అది స్క్రీనింగే. పిల్లాడికి పరీక్ష పెట్టినా, తల్లిదండ్రులను కూర్చోబెట్టి "మీరేం చేస్తుంటారు" అని ఇంటర్వ్యూ చేసి వడపోసినా తప్పే. మొదటిసారి దొరికితే 25 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల వరకు జరిమానా. పెద్ద క్యాంపస్‌లలో ఒక్క పిల్లాడి ఏడాది ఫీజుతో ఆ జరిమానా కట్టేసి ఇంకా చిల్లర వెనక్కి తీసుకోవచ్చు.

అంత చిన్న జరిమానాను కూడా ఎవరూ నెత్తిన వేసుకోనక్కర్లేదు, పేరు మారిస్తే చాలు. అందుకే అది అడ్మిషన్ టెస్ట్ కాకుండా స్కాలర్‌షిప్ టెస్ట్ అయింది. సీటు అందరికీ ఉంది అంటారు. మార్కుల్ని బట్టి తేలేవి రెండే: పిల్లాడు ఏ సెక్షన్లో కూర్చోవాలి, ఇంట్లోవాళ్లు ఎంత కట్టాలి. ఒకే బిల్డింగులో, ఒకే యూనిఫాంలో మూడు నాలుగు రకాల సెక్షన్లు నడుస్తాయి. ఒలింపియాడ్, ఫౌండేషన్, టెక్నో, ఆ కిందది. పేర్లు స్కూలుకో రకం గానీ వాటి వరస మాత్రం ఆరో తరగతి పిల్లలందరికీ నోటికొచ్చు. లెక్కలకు పేరున్న సార్ పై సెక్షన్‌కు వెళతారు. ఆ ఏడాదే చేరిన కుర్ర టీచరు కింద సెక్షన్‌కు వస్తాడు. చట్టం కాపలా గేటు వరకే. వడపోత మెట్లెక్కి రెండో అంతస్తులో జరుగుతుంది.

ఇక ఫీజు సంగతి. మంచి మార్కులొస్తే సగం తగ్గిస్తారు, ఇంకా మంచివొస్తే హాస్టల్‌తో సహా మాఫీ చేస్తారు. దీన్ని ప్రతిభకు ప్రోత్సాహం అంటారు. అయితే స్కూలుకు ఆదాయమంతా ఫీజుల మీదే కదా. పై సెక్షన్లో ఉచితంగా చదివే పిల్లాడి ఖర్చు కింద సెక్షన్ల పిల్లల ఫీజులోంచే రావాలి. పేదింటి పిల్లలకు ఈ రాయితీ దొరికిన సందర్భాలు లేకపోలేదు, ప్రతి ఊళ్లోనూ అలాంటివాళ్లు ఒకరిద్దరి గురించి చెబుతుంటారు. కానీ పదేళ్ల వయసులో అలాంటి పరీక్షలో ముందు నిలిచేది ఎక్కువగా ఎవరు? రెండో తరగతి నుంచీ ట్యూషనూ, అబాకసూ ఉన్నవాళ్లు. సింగ్ నగర్‌లో ఆటో నడిపే తండ్రి పూర్తి ఫీజును వాయిదాల్లో కడుతుంటాడు, సొంత అపార్ట్‌మెంట్ ఉన్న ఇంటికి రాయితీ వెళుతుంది. పల్లానికి పారాల్సిన నీళ్లు మెరకెక్కుతున్నాయన్న మాట.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే, అంటే ఎనిమిదో తరగతితో సరి. మన దగ్గర హైస్కూలు ఆరు నుంచి పది వరకు. కాబట్టి హైస్కూలు చదువులో మొదటి మూడేళ్లు చట్టం నీడలో ఉంటే, చివరి రెండేళ్లు ఎండలో ఉన్నాయి. తొమ్మిదో తరగతిలోకి కొత్త పిల్లల్ని పరీక్ష పెట్టి తీసుకుంటే 13వ సెక్షన్ అడ్డుపడదు. స్కూళ్లు కూడా ఎక్కువగా ఏరుకునేది అప్పుడే, ఎందుకంటే పదో తరగతి ఫలితాలు రెండేళ్లలో రావాలి.

ఫలితం ఎవరి ఖాతాలో

ఏరి తెచ్చుకున్న పిల్లలతో వచ్చిన మార్కులను స్కూలు బోధన గొప్పతనంగా చూపించుకోవడం ఈ వ్యవహారం మొత్తానికి ఇరుసు. తల్లిదండ్రులు దాన్ని నమ్ముతారు కాబట్టే మళ్లీ ఏడాది ఆ స్కూలు ముందు క్యూ ఉంటుంది, క్యూ ఉంటుంది కాబట్టి మళ్లీ ఏరుకోవచ్చు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో పరీక్షించి చూసిన ప్రయోగం ఒకటి మన గడ్డ మీదే జరిగింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో 2008లో అది మొదలైంది. ప్రభుత్వ బడిలో చదివే పిల్లల్లో కొందరిని లాటరీ తీసి ఎంపిక చేసి, ప్రైవేటు స్కూల్లో చేరడానికి ఖర్చు ఇచ్చారు. లాటరీలో పేరు రానివాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే ఉన్నారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పిల్లల ఈ రెండు గుంపులనూ నాలుగేళ్లపాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. తెలుగులో, లెక్కల్లో, ఇంగ్లిష్‌లో, సైన్సు, సోషల్‌లో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు బాగా ముందున్నారు, ఎందుకంటే ఆ ప్రభుత్వ బడుల్లో హిందీ చెప్పనే లేదు. మామూలుగా చూస్తే ప్రైవేటు, ప్రభుత్వ పిల్లల మార్కుల మధ్య కనిపించే పెద్ద అంతరం, లాటరీతో పిల్లల్ని కలిపేసరికి చాలావరకు కరిగిపోయింది. ఆ అంతరం ఇళ్ల మధ్య ఉన్నది, బడుల మధ్య కాదు.

ప్రైవేటు స్కూళ్ల పక్షాన చెప్పాల్సిన మాట కూడా అదే పరిశోధనలో ఉంది. ఆ స్కూళ్లు తెలుగుకు, లెక్కలకు తక్కువ సమయం ఇచ్చి, మిగిలిన సమయం వేరే సబ్జెక్టులకు ఇచ్చాయి. ఒక్కో పిల్లాడి మీద పెట్టిన ఖర్చు ప్రభుత్వ బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. పైగా అవి పల్లెల్లోని చిన్న ప్రైవేటు బడులు, చదివినవాళ్లు ప్రైమరీ పిల్లలు. గొల్లపూడి, పోరంకి వైపు ఏసీ క్యాంపస్‌లకు ఆ లెక్కను ఉన్నదున్నట్టు అంటించడం కుదరదు. కానీ అది నేర్పిన జాగ్రత్త ఏ క్యాంపస్‌కైనా పనికొస్తుంది: ఎవరిని తీసుకున్నారో తెలియకుండా ఎన్ని మార్కులొచ్చాయో చెబితే స్కూలు గురించి ఏమీ తెలియదు.

మడతపెట్టిన కాగితం

ప్రైవేటు సంగతి అలా ఉంటే, ప్రభుత్వమే పరీక్ష పెట్టి ఎంచుకునే బడులూ ఉన్నాయి. విద్యాహక్కు చట్టం కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, సైనిక్ స్కూళ్లను ప్రత్యేక కోవలో పెట్టింది. ఈ ప్రాంతం వాళ్లకు దగ్గరి నవోదయలు రెండు: చిలకలూరిపేట దగ్గర మద్దిరాల, కృష్ణా జిల్లా వేలేరు. గుంటూరు జిల్లాలోనే 1972 నుంచి నడుస్తున్న తాడికొండ గురుకులం వేరే. "తాడికొండలో చదివాడు" అంటే ఈ జిల్లాల్లో ఇప్పటికీ ఎదుటివాళ్లు ఒక క్షణం ఆగి చూస్తారు.

వీటిలో నవోదయ పరీక్ష రూపం చూడండి. 80 ప్రశ్నలు, 100 మార్కులు, రెండు గంటలు. అందులో 40 ప్రశ్నలు, అంటే సగం మార్కులు, మెంటల్ ఎబిలిటీవి. అక్షరం ముక్క ఉండదు, అన్నీ బొమ్మలే. లెక్కలకు 20 ప్రశ్నలు, భాషకు 20. తెలుగులోనే రాయొచ్చు. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. ఒక్కసారే రాయాలి, రెండో అవకాశం లేదు. కాగితం మీద ఇంతకన్నా శ్రద్ధగా రాసుకున్న నిబంధనలు మన దేశంలో ఇంకే బడికీ ఉండవేమో. బొమ్మల ప్రశ్నలైతే సిలబస్‌తో, ఇంగ్లిష్‌తో పని లేదు కాబట్టి పల్లెటూరి పిల్లాడు వెనకబడడన్నది దీని వెనక ఆలోచన.

ఆ బొమ్మల్లో ఒకటి ఇలా ఉంటుంది. చదరపు కాగితం. చుక్కల గీత వెంట ఒకసారి మడిచారు, ఇంకోసారి అడ్డంగా మడిచారు, మూల దగ్గర చిన్న కన్నం పెట్టారు. విప్పితే ఎలా కనిపిస్తుంది? కింద నాలుగు బొమ్మలు. అలాంటిది మొదటిసారి పరీక్ష హాల్లోనే చూసిన పిల్లాడు ఏం చేస్తాడు? ముందు ఏమడుగుతున్నారో అర్థం చేసుకుంటాడు. తర్వాత కళ్లు మూసుకుని మడతలు ఊహించుకుంటాడు. తెలివైనవాడైతే సరైన జవాబే పెడతాడు, కానీ రెండు నిమిషాలు పడుతుంది. బ్రాడీపేట కోచింగ్‌లో ఏడాదిపాటు ఇవే చేసిన పిల్లాడు మడతలు ఊహించుకోడు. "రెండు మడతలు, నాలుగు కన్నాలు, ఎదురెదురుగా" అని బొమ్మ చూడగానే బబుల్ దిద్దేస్తాడు. ఇరవై సెకన్లు. ఇద్దరిలో ఎవరి బుర్ర చురుకైనదో ఆ ఓఎంఆర్ షీటు చెప్పలేదు. ఎవరు ఎక్కువసార్లు చూశారో అది చెబుతుంది.

విచిత్రం ఏమిటంటే, పల్లె పిల్లాడికి అన్యాయం జరగకూడదని పెట్టిన భాగమే కోచింగ్‌కు అన్నిటికన్నా సులువుగా లొంగింది. లెక్కల్లో పట్టు రావడానికి ఏళ్లు పడుతుంది. భాష ఇంకా నిదానం. బొమ్మల్లో రకాలు ఇన్నీ అన్నీ అని లెక్క పెట్టి, ఒక్కో రకానికి ఒక్కో కిటుకు కంఠతా పట్టిస్తే మూడు నాలుగు నెలల్లో తేడా తెలుస్తుంది. పల్లె కోటాకు మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదవాలన్న షరతు ఉంది. షరతు ఉన్నచోట అడ్డదారులు వెతికేవాళ్లూ ఉంటారు: పేరు అమ్మమ్మగారి ఊరి బడిలో, మనిషి సిటీ కోచింగ్ హాస్టల్లో. అలాంటి వాటిని పట్టుకోవడం తేలిక కాదు, ఎందుకంటే రిజిస్టరు ఎప్పుడూ సక్రమంగానే ఉంటుంది.

అయినా ఈ పరీక్షలను కొట్టిపారేయడం సబబు కాదు. మార్కు ఎంత, కోటా ఎంత, సీట్లు ఎన్ని అనేవి ముందే అచ్చయి ఉంటాయి. పల్నాడు పల్లెలోని కూలీ ఇంటి పిల్ల ఎవరి సిఫారసూ లేకుండా మద్దిరాలలో అడుగు పెట్టగలదు. సిఫారసు సీట్ల రుచి మనకు తెలియనిదేమీ కాదు. కేంద్రీయ విద్యాలయాల్లో ఒక్కో ఎంపీకి ఏడాదికి పది సీట్ల చొప్పున కోటా 2022 వరకు నడిచింది. ఆ కోటా కోసం ఎంపీ ఇళ్ల ముందు నిలబడగలిగేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

లాటరీ అంటే ఎందుకంత చిరాకు

కోవిడ్ రోజుల్లో పరీక్ష పెట్టే వీలు లేక 2021లో గురుకులాల ఐదో తరగతి సీట్లకు లాటరీ తీశారు. "కష్టపడి చదివిన పిల్లాడు ఇంట్లో, చీటీ తగిలినవాడు తాడికొండలోనా" అని చాలామంది బాధపడ్డారు. ఆ బాధ అర్థం కానిదేమీ కాదు. ఏడాదంతా పిల్లాడి పక్కన కూర్చుని చదివించిన తల్లికి లాటరీ అంటే అవమానంలాగే ఉంటుంది.

కానీ పరీక్షలో లాటరీ లేదనుకుంటే పొరపాటు. నవోదయలో ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కో ప్రశ్నకు నాలుగు ఆప్షన్లు. తెలియని నాలుగు ప్రశ్నలకు గుడ్డిగా దిద్దినా సగటున ఒకటి తగులుతుంది. కటాఫ్ దగ్గర ఒక్క ప్రశ్న తేడాలో ఎందరో పిల్లలు గుంపుగా నిలబడి ఉంటారు. వాళ్లలో కొందరిని లోపలికీ, కొందరిని బయటికీ పంపేది ఆ రోజు తగిలిన గుడ్డి బబులో, ముందు రోజు వచ్చిన జ్వరమో. మొదటి పదిమందిని పరీక్ష నమ్మకంగానే చూపిస్తుంది. చివరి ఇరవై సీట్ల దగ్గరికొచ్చేసరికి అది చీటీలు తీసినట్టే పనిచేస్తుంది, కాకపోతే ఓడినవాడికి "నీకు ప్రతిభ లేదు" అని కూడా చెప్పి పంపిస్తుంది. బడిలో నెగ్గుకు రావడానికి ఇన్ని మార్కులు చాలు అని ఒక గీత గీసి, ఆ గీత దాటినవాళ్లందరి పేర్లతో లాటరీ తీస్తే ఈ అబద్ధం తప్పుతుంది. కోచింగ్‌లో ఆఖరి ఐదు మార్కుల కోసం పెట్టే డబ్బుకూ విలువ పడిపోతుంది. ఈ దారిని మన దగ్గర గట్టిగా ఆలోచించినవాళ్లు తక్కువే.

లాటరీ కూడా పెట్టెలో ఎవరి చీటీలు పడ్డాయన్న దాన్ని బట్టే ఉంటుంది. ప్రైవేటు స్కూళ్లలో పేదలకు 25 శాతం సీట్లు ఇవ్వాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2012లోనే సమర్థించింది. 2014లో మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం చట్టం నుంచి పూర్తి మినహాయింపు ఇచ్చింది. విజయవాడ, గుంటూరుల్లో పేరున్న పాత మిషనరీ స్కూళ్లు ఎన్నో లెక్కేసుకుంటే ఆ మినహాయింపు బరువు తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్ లెక్కలో ఆ 25 శాతంలో అనాథలు, హెచ్‌ఐవీ బాధిత కుటుంబాల పిల్లలు, దివ్యాంగులకు 5, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, మిగతా బలహీన వర్గాలకు 6. ఇల్లు స్కూలుకు కిలోమీటరు లోపు ఉంటే ముందు, తర్వాత మూడు కిలోమీటర్ల లోపు. ఇల్లు ఎక్కడుందో కాగితం మీద చూపించాలి. శ్రీకాకుళం నుంచో, ప్రకాశం నుంచో వచ్చి కృష్ణలంకలో ఒక్క గదిలో అద్దెకుంటున్న కూలీ ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటుంది. గదికి అగ్రిమెంటు రాసిమ్మంటే ఓనరు గది ఖాళీ చేయమంటాడు. అతని బిడ్డ పేరు లాటరీలో ఓడిపోదు, అసలు పెట్టెలోనే పడదు.

పైగా ఈ దారి ఒకటో తరగతి దగ్గరే ఉంది. ఆరో తరగతిలోనో, తొమ్మిదిలోనో స్కూలు మారాలనుకున్న పేదింటి పిల్లకు ఈ కోటా పనికిరాదు. ఆ వయసులో ఆమె ముందుండేవి పరీక్షలు, లేదా కస్తూర్బా విద్యాలయం. రాష్ట్రంలోని 352 కస్తూర్బాలు ఆరో తరగతిలో పరీక్ష లేకుండా, అనాథలు, బడి మానేసినవాళ్లు, ఒంటరి తల్లి లేదా తండ్రి ఉన్న పేదింటి ఆడపిల్లలకు ముందు సీటు ఇస్తాయి. ఎవరికి బడి అవసరం ఎక్కువ అన్నదే అక్కడి కొలత. హోర్డింగుల మీద వాటి పేరు కనిపించదనుకోండి.

25 శాతం కోటాలో పేద పిల్లలు వచ్చి కూర్చుంటే స్టాండర్డ్ పడిపోతుందన్న భయం మాత్రం అనవసరం. ఢిల్లీలోని ఖరీదైన స్కూళ్లలో ఇలా కలిసి చదివిన సంపన్న పిల్లలను పరిశీలించి ఆర్థికవేత్త గౌతమ్ రావు 2019లో ప్రచురించిన పరిశోధనలో, వాళ్లలో ఇతరులకు సాయపడే గుణం పెరిగింది, పేదవాళ్లను దూరం పెట్టడం తగ్గింది. చదువులో ఇంగ్లిష్ మార్కులు స్వల్పంగా తగ్గినట్టు తేలింది, అంతే.

గేటు లోపలికి రావడం గురించి ఇంత చర్చ ఉంది గానీ, గేటు బయటికి పంపడం గురించి దాదాపు లేదు. పదో తరగతి ర్యాంకులతో ప్రకటనలు ఇవ్వడాన్ని 2022లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించింది. హోర్డింగులో ర్యాంకు పోయి మార్కుల అంకె వచ్చింది. ఆ అంకె పక్కన ఉండాల్సిన ఇంకో అంకెను ఎవరూ అడగరు: ఆరో తరగతిలో చేరిన వందమందిలో ఎంతమంది అదే స్కూలు తరఫున పదో తరగతి పరీక్ష రాశారు? ఇది లెక్కించడం పెద్ద పనేమీ కాదు. ప్రతి పిల్లాడికీ యూడైస్ అనే ప్రభుత్వ బడి సమాచార వ్యవస్థలో రికార్డు ఉంది, ఏ ఏడాది ఏ బడిలో ఉన్నాడో విద్యాశాఖ కంప్యూటర్లలో ఉంది. ఒక్క నివేదిక తీస్తే ఏరుకున్న స్కూలు ఏదో, చదువు చెప్పిన స్కూలు ఏదో జిల్లా మొత్తం తెలిసిపోతుంది.

కాకపోతే ఆ రికార్డులో ఒక గడిని నమ్మలేం. ఎనిమిదో, తొమ్మిదో తరగతి అయ్యాక తల్లిదండ్రులను పిలుస్తారు. "బాబు ఇక్కడి ఒత్తిడి తట్టుకోలేడేమోనండీ, ఏదైనా మామూలు స్కూల్లో వేస్తే టెన్షన్ లేకుండా పాసవుతాడు" అని మెత్తగా చెబుతారు. వాళ్లు నాలుగు రోజులు ఆలోచించి టీసీ కోసం వస్తారు. బాకీ ఫీజు కట్టాకే చేతికిస్తారు. ఎనిమిదో తరగతి వరకు టీసీ ఆలస్యం చేయకూడదని విద్యాహక్కు చట్టంలో 5వ సెక్షన్ ఉన్న సంగతి కౌంటర్ ముందు ఎవరికీ గుర్తుండదు. టీసీలో బడి మానడానికి కారణం అని ఒక గడి ఉంటుంది. గుమాస్తా తల ఎత్తకుండానే రాస్తాడు: తల్లిదండ్రుల కోరిక మేరకు.